రామ్‌దాస్ తాత లేని వరుస

ఆ పొద్దు ఆకాశం తెల్లారడానికి తొందరపడలేదు. పుష్యమాసపు మంచు చెరుకు ఆకుల మీదికి దిగి ఉంది. ఫ్యాక్టరీ పొగ పైకి పోలేక ఆ మంచులోనే అడ్డంగా పరుచుకుంది. తూర్పున ఎరుపు ఒక గీతలా కనబడి మళ్ళీ పోయింది. నేను బండి కట్టాను. చెరుకు వేసుకుపోయే బండిలో ఆ రోజు గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేసి, నా తమ్ముడు హన్మండ్లును పడుకోబెట్టాం.

వాడికి రెండు రోజులుగా కడుపునొప్పి. మొదట బొడ్డు చుట్టూ అన్నాడు. తర్వాత కుడిపక్కకు దిగిందన్నాడు. మా అవ్వ వాము దంచి తాగించింది, ఆముదం రాసింది. మూడోనాటి పొద్దుకు వాడు కుడికాలు చాపలేకపోయాడు. అవ్వ అంటే మా కన్నతల్లి లింగవ్వ. మా దిక్కు తల్లిని అట్లాగే పిలుస్తాం.

"మెల్లగ తోలు, సాయన్నా. గతుకులకాడ దిగి నడిపియ్యి," అంది అవ్వ.

"ఎడ్లు నన్ను సూసి చెరుకు మోపనుకుంటయేమో అవ్వా. సీదా ఫ్యాక్టరీ కాంటా కాడికి గుంజుకపోతయి," అన్నాడు హన్మండ్లు, మూలుగుతూనే.

"నొప్పిల గూడ నోరు నిలువది," అంది వాడి భార్య గంగమణి. నవ్వబోయి కొంగు నోటికి పెట్టుకుంది.

ఆమె కూడా వస్తానంది. కానీ ఆ రోజే మా చెరుకు కోతకు ఫ్యాక్టరీ పర్మిట్ వచ్చింది. కోతవాళ్ళు మడిలో దిగి ఉన్నారు. ఇంటి మనిషి ఒకరు గట్టు మీద లేకపోతే కుదరదు. నా భార్య పోయి మూడేండ్లయింది. బాపు, అంటే మా తండ్రి, అంతకు ముందే పోయాడు. అందుకని గంగమణి మడికి పోయింది, అవ్వ ఇంట్లో ఉంది, నేనొక్కడినే వాణ్ణి తీసుకుపోయాను.

మా ఇంట్లో మాటకారి వాడు. నేను తక్కువ మాట్లాడతాను. బాపు తన మాటలన్నీ చిన్నోనికిచ్చి, పెద్దోనికి కండ్లు మాత్రం ఇచ్చిపోయిండని ఊళ్ళో అనేవాళ్ళు.

దవాఖాన బోధన్ తోవలో ఉంది. అది ఒకప్పటి జిన్నింగు మిల్లు షెడ్డు. దూలాలకు అప్పటి దూది ఇంకా అక్కడక్కడా అంటుకునే ఉండేది. అందులో పన్నెండు మంచాలు, ఒక ఆపరేషన్ గది, ఒక నర్సమ్మ, కాంపౌండరు తుకారాం. అందరికీ ఒక్కడే డాక్టరు, ఆత్మారాం సారు. నాందేడు దిక్కువాడు. తెలుగు బాగానే మాట్లాడేవాడు.

రెండేండ్ల కిందట అవ్వకు జ్వరమొస్తే అక్కడికే తీసుకుపోయాను. అప్పుడు వరుస అనేదే లేదు. జీపులో వచ్చినవాడు ముందు, పటేలు చుట్టం తర్వాత, భుజబలం ఉన్నవాడు ఆ తర్వాత. ముసలివాళ్ళు గోడకు ఆనుకుని పొద్దు వాలేదాకా కూర్చునేవాళ్ళు. ఆ రోజు డాక్టరు చేతిలోని గుండె చూసే గొట్టం బల్ల మీద పడేసి, "ఇట్ల మీద పడితే ఎవర్ని సూడాలె నేను? ఎట్ల సూడాలె?" అని అరిచాడు.  నాకు ఎందుకో నోరు వచ్చింది.

"మా కాంటా కాడ గిట్ల లొల్లి ఉండది, సార్," అన్నాను.

"ఏం జేస్తరు అక్కడ?"

చెప్పాను. చెరుకు సీజనులో ఫ్యాక్టరీ యార్డులో మూడు నాలుగు వందల బండ్లు నిలబడతాయి. గేటు దగ్గర ప్రతి బండికీ నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఇస్తారు. ఆ నంబరు పిలిస్తేనే బండి తూకపు కాంటా ఎక్కాలి. పటేలు బండయినా, పాలేరు తోలుకొచ్చిన బండయినా ఒకటే. ఎవడైనా మధ్యలో దూరితే మిగతా బండ్లవాళ్ళం వాడి ఎడ్లు విప్పి, బండిని ఉన్నచోటనే వదిలేస్తాం. అందుకని ఎవడూ దూరడు.

డాక్టరు నా మొహం చూస్తూ విన్నాడు. పదిహేను రోజులకల్లా దవాఖాన గుమ్మం దగ్గర మేకులకు రేకు బిళ్ళలు వేలాడాయి. అప్పటినుంచి అక్కడి పద్ధతే మారిపోయింది. ముసలమ్మలు కూడా పొద్దున్నే డాక్టరును చూసి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్ళు. మీద పడేవాళ్ళు లేరు కాబట్టి డాక్టరు ఒక్కొక్కరినీ నిదానంగా చూసేవాడు. ఎవరి రోగం ఏమిటో కాగితం మీద రాసి పెట్టేవాడు, మళ్ళీ వస్తే మొదటినుంచీ అడగక్కర్లేకుండా. ఒకసారి పటేలు అల్లుడు బిళ్ళ లేకుండా లోపలికి పోబోతే తుకారాం చెయ్యి అడ్డం పెట్టాడు. డాక్టరు అందరి ముందర తుకారాం భుజం తట్టాడు. "ఈ పద్ధతి సాయన్న చెప్పిందే," అని కూడా అన్నాడట. ఆ మాట విని నాకు లోపల సంతోషమయింది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ పద్ధతిలోకే తమ్ముణ్ణి తీసుకుపోయాను.

"నీకు జెప్పుడేంది సాయన్నా, నువ్వు జెప్పిన వరుసే ఇది," అని నవ్వి, తుకారాం పందొమ్మిదో నంబరు బిళ్ళ తీసి ఇచ్చాడు. వాడు చెడ్డవాడు కాడు. హన్మండ్లును షెడ్డు గోడ పక్కన నీడలో పడుకోబెట్టడానికి తనే కాళ్ళ దిక్కు పట్టాడు.

ఒకటి నుంచి మొదలయింది. నాలుగు పిలిచారు, అయిదు పిలిచారు. హన్మండ్లు మోకాలు కడుపులోకి ముడుచుకుని, పండ్లు బిగబట్టి పడుకున్నాడు. ఎనిమిదో నంబరు లోపల ఉండగా ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలాడు. చేత్తో కడుపు తడుముకున్నాడు.

"అన్నా, తక్కువయింది."

"ఏంది?"

"నొప్పి. ఎవలో తాడు కోసినట్టే వోయింది. అవ్వ వాము ఇప్పుడు వట్టింది సూడు. మొన్న తాగితే ఇయ్యాల వట్టింది. మన కాలువ నీళ్ళ లెక్క."

కాలు కూడా కొంచెం చాపాడు. నాకు ప్రాణం కుదుటపడింది. బండి ఇంటికి మలిపేద్దామా అనుకున్నాను. వచ్చాం కాబట్టి చూపించుకునే పోదామనుకున్నాను.

కొన్ని నంబర్లు పోయాక ఒక ఊపిరి చప్పుడు వినబడింది. మొదట నేను కమ్మరి కొలిమి తిత్తి అనుకున్నాను. తల తిప్పి చూస్తే, క్యాంపు నుంచి వచ్చిన ఒకామె మూడేండ్ల ఆడపిల్లను భుజాన వేసుకుని నిలబడింది. కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా దిక్కు నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ళ ఊళ్ళను మేం క్యాంపులంటాం. ఆమె పేరు నాగకుమారి అని తర్వాత తెలిసింది. వెంట ఆమె మామ చెంచురామయ్య. ఆమె చేతిలో యాభై ఎనిమిదో బిళ్ళ.

"బాబూ, పిల్లకు ఊపిరి ఆడటం లేదు. కాస్త ముందు పంపించండి," అంటోంది ఆమె.

"అమ్మా, నాతోని గాదు. బిళ్ళ పిలిచినంకనే పోవాలె. డాక్టరు సారు హుకుం," అన్నాడు తుకారాం.

"పోనీ ఆయనకొక మాట చెప్పండి."

"అందరు గదే అంటరమ్మా. ఒక్కల్ని ఇడిస్తే వందమంది దూరుతరు."

గోడ పక్కనున్న ఒక ముసలాయన, "క్యాంపోళ్ళకు అన్నిట్ల ముందే గావాలె," అని గొణిగాడు. చెంచురామయ్య ఆ మాట విన్నాడు. కోడలి మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆమె ఇక అడగలేదు.

నేను పిల్ల గొంతు చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద చర్మం గుంటపడి లోపలికి పోతోంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. పందొమ్మిదికి ఇంకా ఎక్కువ లేదు, పద్నాలుగు నడుస్తోంది. యాభై ఎనిమిదికి మధ్యాహ్నం దాటుతుంది.

యార్డులో మాకొక వాడుక ఉంది. వెనక ఉన్న బండి ఎడ్లు తూలుతుంటే, ముందున్నవాడు తన బిళ్ళ వాడికిచ్చి వాడి బిళ్ళ తాను తీసుకుంటాడు. ఊరికే ఇవ్వడం కాదు, మార్చుకోవడం. వరుస చెడదు, ఎవరికీ అన్యాయం జరగదు. అట్లా మార్చుకున్నవాణ్ణి ఆ సీజనంతా మర్యాదగా చూస్తారు.

హన్మండ్లు కూడా ఆ పిల్లనే చూస్తున్నాడు.

"మార్చు అన్నా," అన్నాడు. "మన ఎడ్లు ఇంకా నిలబడ్డయి."

లేచి పోయి నా బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. ఆమె బిళ్ళ తీసుకున్నాను. ఆమె నా మొహం చూసింది. తుకారాం కూడా చూశాడు. బిళ్ళకు బిళ్ళ సరిపోయింది కాబట్టి ఊరుకున్నాడు.

పందొమ్మిది పిలిచారు. వాళ్ళు లోపలికి పోయారు. పోయిన కాసేపటికే నర్సమ్మ పరుగెత్తింది, ఆపరేషన్ గది తలుపు మూశారు. పిల్ల గొంతులో తెల్లటి పొర అడ్డం పడిందట. గొంతు కింద చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టాలట. అంతసేపూ వరుస ఆగిపోయింది. ఒక్కడే డాక్టరు. ఇరవయ్యో నంబరువాడు బీడీ వెలిగించాడు. ఎండ షెడ్డు గోడ దిగి మా కాళ్ళ దాకా వచ్చింది.

హన్మండ్లు మాట్లాడటం మానేశాడు. "నీళ్ళు," అని ఒకసారి అన్నాడు. తాగించాను, కక్కేశాడు. "పండుకుంట," అన్నాడు. మొహాన చెమట పట్టింది, తుడిచాను. చెమట చల్లగా ఉంది. వాడు కదలకుండా వెల్లకిలా పడుకున్నాడు. రెండు రాత్రులుగా నిద్ర లేదు, ఇప్పుడు పట్టింది అనుకున్నాను. ఈగలు వాలకుండా తువాల ఊపుతూ కూర్చున్నాను. వాడి ముక్కు సన్నబడినట్టు కనిపించింది. చూశాను. చూసి కూడా కూర్చున్నాను.

వరుస మళ్ళీ కదిలింది. ముప్పై, నలభై. నేను బిళ్ళను చేతిలో పట్టుకుని, అంకె చెరిగిపోయేటట్టు బొటనవేలితో రాస్తూ ఉన్నాను. లేచి, సారూ ఒక్కసారి రండి అని ఒక కేక వేస్తే సరిపోయేది. తలుపు నాకు ఇరవై అడుగుల దూరం. ఆ డాక్టరు నన్ను ఎరుగును. కానీ ఈ వరుస నేను చెప్పిందే. నేనే దూరితే ఎట్లా?

యాభై ఎనిమిది పిలిచేసరికి పొద్దు వాలింది. నేనూ తుకారామూ ఎత్తి లోపలికి తీసుకుపోయాం. డాక్టరు కడుపు మీద చెయ్యి పెట్టాడు. పెట్టి తీయలేదు. నేను కూడా ముట్టుకున్నాను. కడుపు చెక్కలా ఉంది.

"నొప్పి ఎప్పుడు తక్కువయింది?" అన్నాడు.

"పొద్దుగాల, సార్. ఎనిమిదో నంబరప్పుడు."

"ఎనిమిదా? నువ్వొచ్చింది ఎప్పుడు?"

"అప్పటికే ఒచ్చిన, సార్. పందొమ్మిది నాది."

ఆయన నా చేతిలోని బిళ్ళను చూశాడు. సంగతి తుకారాం చెప్పాడు. డాక్టరు కిటికీ దాకా పోయి, చేతులు కడుక్కుని, "పేగుకు చిన్న తోక ఉంటది సాయన్నా. అది పగిలింది. పగిలినప్పుడు నొప్పి తక్కువైనట్టు అనిపిస్తది. కోసి శుభ్రం జేస్త. సూద్దాం," అన్నాడు.

చేశాడు. అవ్వకు కబురు పంపితే మర్నాడు గంగమణిని వెంటబెట్టుకుని వచ్చింది. సూదిమందులు వేశారు. డాక్టరు ఆ నాలుగు రోజులూ ఇంటికి పోయి తిన్నట్టు నేను చూడలేదు. మూడో రోజు హన్మండ్లు కండ్లు తెరిచి, "చెరుకు తూగిందా?" అని గంగమణిని అడిగాడు. తూగిందని చెప్పింది. నాలుగో రోజు పోయాడు.

పక్క గదిలో క్యాంపు పిల్ల ఆ గొట్టంతోనే ఊపిరి తీస్తోంది. గోడకు ఇవతల నాకు వినబడుతూనే ఉంది.

వాణ్ణి ఇంటికి తీసుకుపోదామని బండి కట్టబోతుంటే డాక్టరు బయటికొచ్చాడు. అవ్వా గంగమణీ బండి దగ్గర ఉన్నారు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఒక్కటి అడుగుత సాయన్నా. మీ యార్డుల వరుసల నిలబడ్డ ఎద్దు పడిపోతే ఏం జేస్తరు?"

"పడిపోదు, సార్. పడనియ్యరు."

"ఎట్ల?"

"రామ్‌దాస్ తాత తిరుగుతడు గద."

"ఎవరాయన?"

 చెప్పాను. యార్డులో రామ్‌దాస్ అని ఒక ముసలాయన ఉంటాడు. చేతిలో కర్ర. పొద్దున్నుంచీ ఆ చివర నుంచి ఈ చివరదాకా వరుస పొడుగునా నడవడమే ఆయన పని. బండ్లను చూడడు, మనుషులను చూడడు. ఎడ్లను చూస్తాడు. కండ్లు, ముట్టె, డొక్కలు. ఏ ఎద్దు ఆగదో దాని కొమ్ము మీద కర్ర ఆనిస్తాడు. ఆ బండి నంబరు ఎంతయినా ముందుకు పోవాల్సిందే, ఎవరూ ఎదురు చెప్పరు. రంకె వేసే ఎద్దుకు భయం లేదురా, రంకె మానిన ఎద్దును సూడాలె, అంటాడు. ఆయన తిరగని పూటనే మేం బిళ్ళలు మాలో మేం మార్చుకునేది.

ఆ చివరి మాటలు నా నోటినుంచే నా చెవిలో పడ్డాయి.

"ఈ ముచ్చట అప్పుడు చెప్పలే నువ్వు," అన్నాడు డాక్టరు. కోపంగా కాదు.

"మీకెరుకే అనుకున్న, సార్. వరుసంటే తిరిగే మనిషి ఉండనే ఉంటడు గద."

ఆయన షెడ్డు దిక్కు తిరిగాడు. ఆ పూట కూడా జనం గోడ పొడుగునా బిళ్ళలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. తుకారాం గుమ్మంలో నిలబడి నంబరు పిలుస్తున్నాడు. వాడు చూసేది బిళ్ళలను. డాక్టరు మెట్లు దిగి, ఆ చివరకు పోయి, ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ నడవడం మొదలుపెట్టాడు. నేను బండి తోలుకుని వచ్చేశాను.

ఆ తర్వాత పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నర్సమ్మ వరుస పొడుగునా నడుస్తుందనీ, ఆగలేనివాళ్ళ చేతికి ఎర్రగుడ్డ కడుతుందనీ, ఎర్రగుడ్డకు నంబరు లేదనీ ఊళ్ళోవాళ్ళు చెప్పారు. మంచిదే. విన్నాను.

ఇంట్లో మాత్రం బిళ్ళ సంగతి చెప్పలేదు. "దవాఖానకు పొద్దుగాల్నే వోతిరి గదా, గంత ఆలస్యమెందుకయింది?" అని అవ్వ రెండుసార్లు అడిగింది. "జనముండిరి," అన్నాను. మార్చమన్నది వాడేనని చెప్పవచ్చు. చెప్తే నా తప్పు చచ్చినవాడి మీద వేసినట్టవుతుంది. చెప్పకపోతే గంగమణి వడ్డించిన ముద్ద గొంతు దిగదు. రెండూ నా వల్ల కాలేదు.

దినాలు అయ్యేదాకా చుట్టాలు వంతులేసుకుని అన్నం తెచ్చారు. పదకొండో నాడు అందరూ పోయారు. పన్నెండో నాడు మా పొయ్యి మేమే వెలిగించుకోవాలి. అవ్వ వాకిట్లో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. గంగమణి పొయ్యి ముందర కూర్చుంది, పుల్ల మాత్రం ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది.

వాకిలి ముందు క్యాంపు బండి ఆగింది. చెంచురామయ్య దిగాడు. నాగకుమారి పిల్లను దించి, గుడ్డ కట్టిన గిన్నెలు మూడు చేత పట్టుకుని లోపలికి వచ్చింది. పిల్ల గొంతుకు తెల్లగుడ్డ చుట్టి ఉంది. 

ఆమె గిన్నెలు దించి అవ్వ కాళ్ళకు దండం పెట్టింది.

"మీరు తింటారో తినరో తెలియదమ్మా. మాకు ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఆ రోజు అన్నయ్యగారు వాళ్ళ బిళ్ళ మాకు మార్చి ఇవ్వకపోతే ఈ పిల్ల దక్కేది కాదు. తర్వాత తెలిసిందమ్మా, అది ఎవరి వంతో."

"ఏం బిళ్ళ?" అంది అవ్వ.

నాగకుమారి నా దిక్కు చూసింది. నేను ఇంట్లో చెప్పలేదని అప్పుడు అర్థమయింది ఆమెకు. చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంచురామయ్య కండువా తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"ఏం బిళ్ళరా, సాయన్నా?"

చెప్పాను. పందొమ్మిది, యాభై ఎనిమిది. అంతే చెప్పాను. మార్చమన్నది ఎవరో చెప్పలేదు.

గంగమణి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పలేదు. గోడతో అన్నట్టు అంది: "ఆయిననే మార్చుమని ఉంటడు. నాకెరుకలేదా బావా, నువ్వు ఊకున్నా ఆయిన ఊకుంటడా?"



అవ్వ పిల్లను చూస్తోంది. పిల్ల ఊపిరి తీస్తే ఆ గుడ్డ కింద ఇంకా కొంచెం చప్పుడవుతోంది. అవ్వ చెయ్యి చాచి ఆ గుడ్డ మీద వేళ్ళు ఆనించింది, చప్పుడు వేళ్ళకు తెలిసేటట్టు. ఎంతసేపు ఆనించిందో. కోపమో, మరేమో నాకు తెలియలేదు. మనుషుల మొహాలు చదవగలననుకునేవాణ్ణి.

"పళ్ళాలు తే," అంది గంగమణితో.

గంగమణి లేచింది. పళ్ళాలు కడిగి తెచ్చింది. మా ముగ్గురికి, వాళ్ళిద్దరికి, పిల్లకొక చిన్న గిన్నె. హన్మండ్లు పళ్ళెం కూడా వాటితోపాటు వచ్చింది. దాన్ని ఆమె ఒక్క క్షణం పట్టుకుని, మళ్ళీ లోపల పెట్టివచ్చింది. నాగకుమారి గిన్నెల గుడ్డలు విప్పింది. అన్నం, ముద్దపప్పు, మజ్జిగ. గంగమణి అందరికీ పెట్టి చివరికి నా ముందుకు వచ్చింది. ఎంత కావాలో అడగకుండా పెట్టింది.

అవ్వ మజ్జిగ పోసి అన్నం మెత్తగా పిసికి, పిల్లకు చిన్న చిన్న ముద్దలు పెట్టింది. ప్రతి ముద్దకూ పిల్ల గొంతు మీద గుడ్డ పైకి లేచి కిందికి దిగింది. అది దిగేదాకా అవ్వ ఆగి, తర్వాత తను ఒక ముద్ద తిన్నది. మేమూ తిన్నాం.